శిలారోహణము: స్వల్ప వ్యయముతో తొలి రక్షణ సామగ్రి

దక్కను పీఠభూమిపై పుట్టి పెరిగిన మనకు బండలు క్రొత్త కావు. హైదరాబాదు నుండి ఏ దిక్కునకు పోయినను ఒకదానిపై నొకటి పేర్చి నిలిపినట్లున్న గ్రానైటు శిలలు కనిపించును. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. బాల్యములో వాటిపైకి ఎక్కి పెద్దలచేత చీవాట్లు తినని వారు మనలో అరుదు. అయినను ఆటగా బండ నెక్కుట వేరు; నడుమునకు త్రాడు కట్టుకొని, పడినచో తన్ను నిలుపు సాధనములను తానే అమర్చుకొనుచు నిలువు శిలను ఎక్కుట వేరు. ఈ రెండవ దానిని సంప్రదాయ శిలారోహణమనియు, వాడుకలో ‘ట్రాడ్ క్లైంబింగ్’ అనియు అందురు.

విద్యార్థులము కొందరము ఈ విద్యపై మక్కువతో నెలనెలా కొంత కూడబెట్టి, తొలి సామగ్రి కొనదలచినప్పుడు మాకు ఎదురైన ప్రశ్న ఇది: ఉన్న కొద్ది ధనమును దేనిపై వెచ్చించవలెను? ఎచ్చట పొదుపు చేసినచో వివేకమగును, ఎచ్చట చేసినచో ప్రాణము మీదికి వచ్చును? మేము చదివి, అనుభవజ్ఞుల నడిగి, స్వయముగా చేసి చూచి తెలిసికొన్న దానిని తోటి విద్యార్థులకును, కళాశాల కమిటీ వారికిని విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా ఈ సాధనములు ఏ విధముగా పని చేయునో తెలియవలెను. ఇద్దరు ఆరోహకులు ఒకే త్రాటికి కట్టుకొందురు. మొదటివాడు ఎక్కుచుండగా రెండవవాడు క్రింద నిలిచి త్రాటిని కాచుచుండును. ఎక్కువాడు దారిలో కనబడిన పగుళ్ళలో లోహపు సాధనములను ఇరికించి, వాటికి కారాబినర్ అను మూత గల కొక్కెమును తగిలించి, దాని గుండా త్రాటిని పోనిచ్చును. అతడు కాలు జారినచో చివరి సాధనము వరకు, అక్కడి నుండి మరల అంతే దూరము క్రిందికి పడి ఆగును. పిమ్మట రెండవవాడు ఎక్కుచు ఆ సాధనముల నన్నిటిని ఊడదీసికొని వచ్చును. శిలకు రంధ్రము వేయనక్కరలేదు, మేకు కొట్టనక్కరలేదు. వచ్చిన గుర్తు కూడ మిగులదు.

ఈ సాధనముల పుట్టుకలోనే మన ప్రశ్నకు సగము సమాధానము కలదు. బ్రిటనులోని ఆరోహకులు తొలుత దారిలో దొరికిన గులకరాళ్ళను పగుళ్ళలో ఇరికించి, వాటి చుట్టు త్రాటి ముక్కను చుట్టి వాడుకొనెడివారు. 1950ల నాటికి వేల్సు దేశపు కొండలలో యంత్రములకు బిగించు ఇనుప నట్లను ఏరి తెచ్చి, లోపలి మరలను ఆకురాయితో నునుపు చేసి, త్రాడు గ్రుచ్చి వాడసాగిరి. నేటికిని ఆ సాధనమునకు ‘నట్’ అను పేరే నిలిచినది. ఆరోహణము కొరకే ప్రత్యేకముగా చేసిన నట్లు 1960ల ఆరంభమున అంగడికి వచ్చినవి. అమెరికాలోని యోసెమిటీ లోయలో పదే పదే మేకులు కొట్టి తీయుటచే శిలలు గాయపడుచుండగా, 1972లో ఇవోన్ షూనార్డ్, టామ్ ఫ్రాస్ట్ తమ సంస్థ జాబితాలోనే మేకులు మాని నట్లు వాడుడని ఆరోహకులను కోరిరి. మేకులమ్మి బ్రతికినవారే ఆ మాట చెప్పుట విశేషము. ఆ తరువాత రే జార్డిన్ కల్పించిన ‘ఫ్రెండ్’ అను మర సాధనము 1978లో విక్రయమునకు వచ్చినది. నేడు ‘క్యామ్’ అని పిలువబడుచున్నవి దాని సంతతియే.

కావున సాధనములు ముఖ్యముగా రెండు తెగలు: కదలు భాగములు లేనివి, ఉన్నవి. నట్ మొదటి తెగకు చెందినది. అది ఒక వైపు వెడల్పుగా, ఒక వైపు సన్నగా ఉన్న అల్యూమినియపు దిమ్మ. దానికి ఉక్కు తీగ ఉచ్చు ఉండును. పగులు పైన వెడల్పుగా ఉండి క్రిందికి ఇరుకైన చోట దానిని జారవిడిచినచో, తలుపు క్రింద దూర్చిన చెక్కముక్క వలె, లాగిన కొలది బిగియును. పెద్ద పగుళ్ళకు ఆరు పలకలు గల ‘హెక్స్’, కొన్ని వంకర సందులకు ‘ట్రైక్యామ్’ వాడుదురు. రెండవ తెగకు చెందిన క్యామ్‌లో మూడు లేక నాలుగు వంపు రెక్కలు, వాటిని విప్పు స్ప్రింగు ఉండును. రెక్కలను ముడిచి పగులులో ఉంచి విడిచినచో అవి గోడలకు ఆనుకొనును. లాగినచో ప్రక్కలకు మరింత త్రోయును. ఇరుకు కాని సమాంతరమైన పగులులో నట్ జారిపోవును, క్యామ్ నిలుచును. దాని గొప్ప ఇదియే.

ఇక బలము మాట. ఈ వస్తువులపై బలమును కిలోన్యూటన్లలో చెక్కుదురు. ఒక కిలోన్యూటన్ అనగా సుమారు 102 కిలోగ్రాముల బరువు. మధ్యరకపు నట్లు పదింటి నుండి పన్నెండు కిలోన్యూటన్ల వరకు తాళును. మధ్యరకపు క్యామ్‌లు కూడ దాదాపు అంతే. కాని ఒక క్యామ్ వెలతో నాలుగైదు నట్లకు తక్కువ రావు. అనగా మనము క్యామ్‌కు అధికముగా చెల్లించునది బలమునకు కాదు, త్వరగా అమర్చు సౌకర్యమునకును, సమాంతరమైన పగుళ్ళకును. ఈ ఒక్క సంగతి తెలిసిననాడు మా దిగులు చాలవరకు తీరినది. ఈ విద్యలో చవకైన వస్తువు నాసి వస్తువు కాదు, సరళమైన వస్తువు. అది ధనమునకు బదులు ఓర్పును, అభ్యాసమును అడుగును.

నడికట్టు, శిరస్త్రాణము, సాగు గుణము గల ఆరోహణపు త్రాడు ఉన్నవనుకొని, తక్కిన దానిని మేము ఈ వరుసలో కొనవలెనని నిర్ణయించితిమి. మొదట, చిన్నదాని నుండి పెద్దదాని వరకు నట్లు ఒక జత, అనగా సుమారు 10. తరువాత పెద్ద పగుళ్ళకు హెక్స్‌లు 3. అటుపై 60 సెంటీమీటర్ల పట్టీ ఉచ్చులు 8, 120 సెంటీమీటర్లవి 3. కారాబినర్ల లెక్కలో తొలిసారి కొనువారు తరచుగా పొరపడుదురు. ఎనిమిది చిన్న పట్టీలకు రెండేసి చొప్పున 16, నట్లను రెండు గుత్తులుగా మోయుటకు 2, హెక్స్‌లకు 3, ముందుముందు కొను క్యామ్‌లకు 3, వెరసి 24. నట్లను ఒకే గుత్తిగా మోయరాదు. చేయి జారినచో అన్నియు ఒక్కసారిగా పోవును. వీనికి తోడు మర బిగించు కారాబినర్లు 4. బిగిసిన నట్లను ఊడదీయు సన్నని కొక్కెపు పనిముట్టు 1 తప్పక కొనవలెను. అది లేక ఒక్క నట్ శిలలో చిక్కి మిగిలినను దాని వెల నష్టపోయినట్లే. క్యామ్‌లను చివరకు, వ్రేళ్ళు మొదలు పిడికిలి వరకు పట్టు పగుళ్ళకు సరిపడు మూడింటితో ఆరంభించి, ధనము చేకూరిన కొలది ఒక్కొక్కటిగా చేర్చుకొనవచ్చును. ఇద్దరు మిత్రులు తమ సామగ్రిని కలిపి వాడుకొనుట ఈ విద్యలో ఆనవాయితీ. కావున ఇద్దరును ఒకే కొలతలు కొనక, ముందే మాట్లాడుకొని కొనుట తెలివి.

పొదుపు చేయరాని చోటు ఏది? ఈ పాఠము మాకు ఒక బేరము వలన తెలిసినది. ఒక వర్తకుడు వాడిన త్రాడును, కొన్ని పట్టీలను సగము కంటె తక్కువ వెలకు చూపెను. చూచుటకు క్రొత్తవాటి వలె ఉన్నవి. మేము ధనము తీయబోవుచుండగా వెంట వచ్చిన మా ఉపన్యాసకులు, “ఇవి ఏ సంవత్సరములో తయారైనవి? ఎవరు వాడిరి?” అని అడిగిరి. వర్తకుని యొద్ద సమాధానము లేదు. మేము వట్టి చేతులతో తిరిగి వచ్చితిమి. ఆనాడు మాకు కొంత చిన్నతనముగా తోచిన మాట నిజము. పిమ్మట తెలిసినది: నైలాను, డైనీమా పట్టీలు ఎండకు, రసాయనములకు, కాలమునకు లోలోపల క్షీణించును, ఆ క్షీణత కంటికి కానరాదు. వాడకుండ పెట్టెలో ఉంచినను తయారైన నాటి నుండి పదేండ్లకు మించి ఉంచరాదని ఉత్పత్తిదారులు సాధారణముగా చెప్పుదురు. బాగుగా వాడినవి ఇంకను ముందే తీసివేయవలెను. కావున త్రాడు, పట్టీ, నడికట్టు ఎన్నడును చరిత్ర తెలియని చేతి నుండి కొనరాదు. లోహపు వస్తువులు అట్లు కావు. మనకు తెలిసిన ఆరోహకుడు ఇచ్చు నట్‌ను పరీక్షించి కొనవచ్చును: తీగ పోగులు విడిపోలేదా, మడత పడలేదా, దిమ్మపై పగులు లేదా అని చూడవలెను. కారాబినర్ మూత తనంత తాను మూసికొనవలెను. త్రాటి రాపిడికి లోతైన గాడి పడి ఉండరాదు.

మరియొక హెచ్చరిక. బజారులో తాళపు చెవులకు, సంచులకు తగిలించు కొక్కెములు ఆరోహణపు కారాబినర్ల వలెనే కనిపించును. వాటితో ప్రాణమును వ్రేలాడదీయరాదు. అసలైన వస్తువుపై తయారుచేసిన సంస్థ పేరు, కిలోన్యూటన్ల సంఖ్య, సి.ఇ. ముద్ర ఉండును, కొన్నింటిపై అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వారి యు.ఐ.ఎ.ఎ. ముద్ర కూడ ఉండును. ఐరోపా ప్రమాణములలో నట్లకు ఇ.ఎన్. 12270, క్యామ్‌లకు ఇ.ఎన్. 12276, కారాబినర్లకు ఇ.ఎన్. 12275 సంఖ్యలు. సాధారణ కారాబినర్ నిలువున 20 కిలోన్యూటన్లు తాళవలెను. మూత తెరచి ఉన్నప్పుడు అదే వస్తువు 7 తాళిన చాలునని ప్రమాణము. ఎంత తేడా! కొనుట ఎంత ముఖ్యమో, సరిగా తగిలించుట కూడ అంతే ముఖ్యమని ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి.

మా తొలి నట్‌ను మేము కొండపై కాక, నేలపై నిలుచుండి మోకాలి ఎత్తున ఒక బండ పగులులో పెట్టితిమి. చూచుటకు చక్కగా కూర్చున్నది. దానికి పట్టీ తగిలించి కాలు మోపి నిలిచితిమి, నిలిచినది. సంతోషముతో పట్టీని ప్రక్కకు, పైకి ఒకసారి కదలింపగానే నట్ టక్కున ఊడి మా పాదములపై పడినది. పైనున్నవాడు కదలునప్పుడు త్రాడు నట్‌ను ఇట్లే కదలించును. దానికి పొడవు పట్టీ తగిలించిననే ఆ కదలిక నట్‌కు అందదు. అడుగు ఎత్తున నేర్చిన ఈ పాఠమును నలువది అడుగుల ఎత్తున నేర్చి యుండినచో ఈ వ్యాసము వ్రాయుటకు మాలో ఒకరు తక్కువగుదురు. అందుచే క్రొత్తగా కొన్నవారు కొన్ని వారములు నేలపైననే నూరుసార్లు పెట్టి తీయుట మంచిది. ఆపై అనుభవజ్ఞుని వెంట రెండవవాడుగా ఎక్కుచు, అతడు పెట్టినవాటిని ఊడదీయుచు నేర్చుకొనవలెను. డార్జిలింగులో 1954లోను, ఉత్తరకాశిలో 1965లోను స్థాపింపబడిన పర్వతారోహణ సంస్థలు యువకులకు క్రమమైన శిక్షణ ఇచ్చుచున్నవి. పుస్తకము గాని, ఈ వ్యాసము గాని గురువునకు బదులు కాజాలదు.

మన ప్రాంతపు గుండ్రని గుండ్లలో మంచి పగుళ్ళు అంతటా దొరకవు. అట్టి చోట పైనుండి త్రాడు వేసికొని ఎక్కుటయే ఉచితము. కర్ణాటకలోని బాదామి వంటి ఇసుకరాతి కొండలలో శిల గ్రానైటు కంటె మెత్తన. క్యామ్ ప్రక్కలకు త్రోయుటచే అంచులు విరుగవచ్చును. శిలను చదువని వానికి సామగ్రి ఎంత ఉన్నను చాలదు. భువనగిరి కోట బండపై శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నెక్కిరి. ఆ ఇరువురు ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులు. లేమి ఆటంకము కాదనుటకు మనకు ఇంతకంటె దగ్గర నిదర్శనము వలదు.

చివరగా కమిటీ వారికి ఒక మనవి. కళాశాల పక్షమున ఒక ఉమ్మడి సామగ్రి జత కొన్నచో ఏటేట వచ్చు విద్యార్థులందరికి ఉపయోగపడును. కాని దానితోపాటు ఒక రిజిస్టరు ఉండవలెను: ప్రతి వస్తువు తయారైన సంవత్సరము, కొన్న తేదీ, వాడిన దినములు, దానిపై పడిన పెద్ద పతనములు అందులో వ్రాయవలెను. సాధారణముగా ఏ వస్తువైనను విరిగిన పిమ్మటనే లెక్కల నుండి కొట్టివేయుట కార్యాలయముల పద్ధతి. పట్టీల విషయమున, త్రాళ్ళ విషయమున ఆ పద్ధతి చెల్లదు. అవి చూచుటకు బాగుగా ఉండగానే, గడువు తీరిన దినమున, కోసి పారవేయవలెను. మరియొకరు తీసి వాడకుండుటకే కోయుట. లెక్కలు చూచువారికి ఇది దుబారాగా తోచవచ్చును. ఆ వరుసకు ఎదురుగా ఎవరును ప్రశ్న వ్రాయకుందురు గాక అని మా ప్రార్థన.

“దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకొనవలెను” అని మన ఇండ్లలో పెద్దలందురు. “చాదర్ దేఖ్‌కర్ పాఁవ్ ఫైలావ్” అని ఉర్దూ సోదరుల ఇండ్లలోను అదే మాట. శిలారోహణమునకు ఆ సామెత చక్కగా సరిపోవును. పది నట్లున్నవాడు పది నట్లకు లొంగు శిలనే ఎక్కవలెను. మిగిలిన శిలలు ఎక్కడికిని పోవు. 250 కోట్ల సంవత్సరములు నిలిచినవి, మనము మరి రెండు క్యామ్‌లు కొనువరకు నిలువకపోవునా?