తివాచీ పోగు లేచిందా? లాగకండి, కోయకండి

మన ఇళ్లలో తివాచీ కేవలం అలంకార వస్తువు కాదు. దస్తర్‌ఖాన్ పరిచేది దాని మీదే, అతిథిని కూర్చోబెట్టేది దాని మీదే, ఇంటివారు నమాజుకు నిలబడేదీ దాని మీదే. దివ్యఖుర్‌ఆన్ 'నహ్ల్' సూరా 80వ ఆయతులో పశువుల ఉన్నితో, రోమాలతో తయారయ్యే గృహోపకరణాలను అల్లాహ్ తన అనుగ్రహాల్లో ఒకటిగా పేర్కొన్నాడు. అనుగ్రహాన్ని పాడుకాకుండా చూసుకోవడం కూడా కృతజ్ఞతలో భాగమే.

కాని జరుగుతున్నదేమిటి? మంచం కోడు తగిలో, పట్టీ కొక్కెం పట్టుకునో, పిల్లి గోరు తగులుకునో ఒక పోగు పైకి లేస్తుంది. పిల్లలు దాన్ని పట్టి లాగుతారు. నాలుగు రోజుల్లో జానెడు గీత పడుతుంది. 'ఇది పాతదైపోయింది, కొత్తది కొందాం' అంటాం. పావుగంటలో సూదితో తీరే పనికి వేల రూపాయలు వదిలించుకుంటాం. అపవ్యయం చేసేవారిని ఖుర్‌ఆన్ ఎవరి సోదరులన్నదో మనకు తెలియనిది కాదు.

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, తమ బట్టలు తామే కుట్టుకునేవారనీ, చెప్పులు తామే బాగుచేసుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హజ్రత్ అనస్ (రజి) కుటుంబంలోని పెద్దావిడ ఒకసారి ఆయన్ని (స) భోజనానికి పిలిచారు. ఆ ఇంట్లో ఉన్నది వాడివాడి నల్లబడిన చాప. అనస్ (రజి) దాని మీద నీళ్లు చల్లారు. ప్రవక్త (స) దాని మీదే నిలబడి నమాజు చేయించారు. పాత చాప ఆయనకు చిన్నతనం కాలేదు.

ఇక పని సంగతి. ముందుగా తివాచీని కాస్త వంచి చూడండి. పైన పోగులు ఉంగరాల్లా మడతపడి ఉంటే అది ఉంగరాల నేత. బ్రష్షు కుచ్చులా కొసలు తెగి ఉంటే అది కోసిన నేత. పైన కుచ్చే లేకుండా బట్టలా చదునుగా ఉంటే జంపఖానా. మూడింటికీ మందు ఒకటి కాదు.

ఉంగరాల నేతలో లేచిన పోగును కత్తిరించకూడదు. కోస్తే పక్క ఉంగరం ఊడుతుంది, దాని వెనుక మరొకటి. మొన తిరిగిన లావుపాటి సూదిగాని, క్రోషియా సూదిగాని తీసుకోండి. అదనంగా వచ్చిన పోగును పక్క ఉంగరంలోకి కొంచెం, దాని పక్కదానిలోకి మరికొంచెం సర్దుకుంటూ పోవాలి. ఎత్తు సమానం కాగానే ఆపేయండి. పోగు తెగిపోయి ఉంటే కొసలు లాగకుండా, మొదట్లో ఒక చుక్క రబ్బరు జిగురు పెట్టి, ఆరేదాకా పైన బరువు ఉంచండి.

కోసిన నేతలో ఒక్క పోగు పొడుగ్గా లేస్తే మాత్రం చుట్టుపక్కల ఎత్తుకు సరిగ్గా కత్తిరించవచ్చు. పీకితే ముడి ఊడి గుంట పడుతుంది.

జంపఖానాలో వదులైన దారాన్ని కుడికీ ఎడమకీ నేత వెంట సూదిమొనతో సర్దాలి. తెగితే అదే రంగు దారం తీసుకుని, తెగినచోటికి అంగుళం ముందు నుంచి అంగుళం అవతలిదాకా, ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి దాటించాలి. మన పెద్దలు రఫూ అన్నది దీన్నే.

ఏలూరు ఉన్ని తివాచీల వంటి చేతిముడుల నేతకు జిగురు తగలనివ్వకండి. జిగురు గట్టిపడితే తర్వాత పనివాడికీ సూది దిగదు. ఏలూరుకు ఈ విద్య పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్లతో వచ్చిందని చెబుతారు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇటువంటి వస్తువు ఇంట్లో ఉంటే తెలిసిన రఫూగరుకే అప్పగించండి. అతని కూలి విషయంలో గీచి గీచి బేరమాడకండి. కళ్లు పోగొట్టుకుని చేసే పని అది.

ఇందులో డబ్బును మించిన విషయం ఒకటుంది. లేచిన పోగులో, ఊడిన అంచులో ఇంట్లో ముసలివారి కాలివేలు చిక్కుకుంటే తుంటి ఎముక విరగవచ్చు. దారిలోంచి హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని ప్రవక్త (స) బోధించారు. నాన్నగారు రాత్రి వుజూకు లేచి నడిచే గది కూడా దారే కదా!

మస్జిదు తివాచీ సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. అది వక్ఫ్ సొత్తు, అమానతు. సఫ్‌లో కూర్చున్నప్పుడు వేళ్లతో పోగులు పీకే అలవాటు మనలో చాలామందికి ఉంది, దాన్ని మానుకోవాలి. ఎక్కడైనా పోగు లేచి కనిపిస్తే ముతవల్లీగారికి చెప్పండి. రమజానుకు కొత్త తివాచీ ఇవ్వాలనుకునే దాతలు ముందుగా పాతది బాగుపడుతుందేమో విచారించి, మిగిలిన సొమ్ముతో ఒక పేద విద్యార్థి ఫీజు కట్టినా పుణ్యమే.

ఈ జుమా నమాజు నుంచి ఇంటికి వచ్చాక పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మీ తివాచీని ఒకసారి తడిమి చూడండి. సూది పట్టడం అమ్మాయిలతోపాటు అబ్బాయిలకూ నేర్పండి. అది ప్రవక్త (స) చేసిన పని.