రాతికి మెట్ల పేరు

భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చూసే అధికారులు ఒక కాగితం రాసి ఇస్తారు. అందులో కొన్ని ఊళ్ల రాయి పేరు 'దక్కన్ ట్రాప్' అని ఉంటుంది. ట్రాప్ అంటే ఏమిటి? ఇంగ్లీషు చదివే పిల్లల్ని అడిగితే బోను అంటారు. ఎలుకల బోను! కాని ఇక్కడ ఆ అర్థం కాదు.

స్వీడన్ అని ఒక చలి దేశం ఉంది. వాళ్ల భాషలో 'ట్రాప్పా' అంటే మెట్లు. ఈ రాయి ఉన్న గుట్టలు దూరం నుంచి మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. అందుకే ఆ పేరు వచ్చింది. మహారాష్ట్రలో, పడమటి కనుమల్లో ఈ మెట్లు బాగా కనబడతాయి.

ఆ మెట్లు ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట అక్కడ నేల పగిలింది. లోపల కరిగిన రాయి పైకి పొంగింది. దాన్ని లావా అంటారు. అది బెల్లం పాకంలా పారింది. చల్లారి గట్టిపడింది. కొంతకాలానికి మళ్లీ పొంగింది. పాత పొర మీద కొత్త పొర పడింది. ఇలా ఎన్నోసార్లు జరిగింది. తరవాత వానకూ ఎండకూ మెత్తని పొరలు తొందరగా అరిగాయి. గట్టి పొరలు నిలిచాయి. అవే మెట్లు.

ఈ రాయి అసలు పేరు బసాల్ట్. ఊళ్లో నల్లరాయి అనేస్తారు. కాని నల్లరాళ్లన్నీ ఇవి కావు. గ్రానైటు పగలగొడితే పలుకులు కంటికి కనిపిస్తాయి. బసాల్టులో పలుకులు చాలా సన్నం, కంటికి ఆనవు. అజంతా, ఎల్లోరా గుహలు తొలిచింది ఈ రాతిలోనే. ఇది పుచ్చి మట్టి అయితే నల్లరేగడి అవుతుంది, పత్తి పండుతుంది.

మహాబలేశ్వరం దగ్గర ఈ పొరలన్నీ కలిపి కిలోమీటరుకు మించిన మందం. తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడతాయి. తెలంగాణలో ఆదిలాబాద్, వికారాబాద్, జహీరాబాద్ వైపు ఉన్నాయి. వింత ఏమిటంటే, ఎక్కడో గోదావరి ఒడ్డున, రాజమండ్రి పక్క కాతేరులో కూడా ఇదే రాయి ఉంది. నదీ లోయల వెంట లావా అంతదూరం పారిందని శాస్త్రవేత్తలు అంటారు. అక్కడ రెండు పొరల మధ్య సున్నపురాయి, అందులో గుల్లలు దొరికాయి. అంటే రెండు పొంగుల నడుమ అక్కడ నీళ్లు నిలిచాయన్నమాట.

ఇక బోరు సంగతి. 'ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు' అని కొందరు అప్పు చేసి మరీ దింపిస్తారు. ట్రాప్ రాతిలో ఆ లెక్క కుదరదు. పొర చల్లారేటప్పుడు లోపలి ఆవిరి బుడగలై పైకి వస్తుంది. అందుకే పొర పైభాగం అట్టులాగా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. అది తొందరగా పుచ్చుతుంది. పుచ్చిన చోట, పగుళ్లలో, పొరకూ పొరకూ మధ్య సందులో నీరు నిలుస్తుంది. పొర నడిమి భాగం మాత్రం గట్టి బండ. పగులు లేకపోతే అందులో చుక్క దొరకదు. బండ తగిలాక ఎంత దింపినా డబ్బు మాత్రమే దిగుతుంది.

కాబట్టి కాగితం చేతికిచ్చిన అధికారిని అడగాలి: 'సార్, పుచ్చురాయి ఎన్ని అడుగులుంది? దాని కింద గట్టి బండ ఎంత? మళ్లీ సందు ఎక్కడ?' పక్క చేలో పాత దిగుడుబావి ఉంటే అందులోకి తొంగి చూడాలి. గోడమీద పొరలు కనిపిస్తాయి. ఎర్రటి గీత ఒకటి కనిపించవచ్చు. అది రెండు పొంగుల నడుమ నేలగా ఉన్న మట్టి. కొత్త లావా వేడికి కాలి ఎర్రబడింది.