పాత కంప్యూటర్లలో విస్తరణ కార్డులు, ఆపరేటింగ్ సిస్టం మధ్య ఘర్షణలు: కారణాలు, పరిష్కార పద్ధతి

వ్యాససంగ్రహం

1990వ దశకంలో డీటీపీ పద్ధతిలో కూర్చిన తెలుగు పరిశోధన సామగ్రి కొంత ఇప్పటికీ పాత కంప్యూటర్లలోనే ఉంది. దానిని వెలికితీసే ప్రయత్నంలో కొత్తగా అమర్చిన కార్డుకూ, అప్పటికే ఉన్న పరికరాలకూ, ఆపరేటింగ్ సిస్టంకూ మధ్య ఘర్షణ తలెత్తుతుంది. అది ఎందుకు వస్తుందో, ఏ క్రమంలో పరిష్కరించుకోవాలో ఒక అనుభవం ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విస్తరణ కార్డు, ఐఆర్‌క్యూ, ఐఓ చిరునామా, విండోస్ 95, తెలుగు డీటీపీ, పాఠ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

భారతీయ లిపులకూ విస్తరణ కార్డులకూ ఉన్న సంబంధం పాతదే. డాస్ కాలంలో సీ-డాక్ వారి జిస్ట్ కార్డును అమర్చి, ఇంగ్లీషు కోసం తయారైన ప్రోగ్రాములలోనే మన లిపులను వాడేవారు. తరువాత విండోస్ మీద డీటీపీ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. యూనికోడ్ వ్యాప్తికి ముందు వాటి ఫాంట్లకు ఉమ్మడి అక్షర సంకేత క్రమం లేదు. అందువల్ల ఆనాటి ఫైలును నేడు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని రోమన్ గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చిన పాఠం సరైనదో కాదో తేల్చాలంటే మూలం ఎలా కనిపించేదో చూడక తప్పదు.

ఈ వ్యాసకర్త చూసిన యంత్రంలో ఒక విశ్రాంత ఆచార్యులు కూర్చిన మాండలిక పదకోశం ఉంది. హార్డ్ డిస్కుకు ముందే నకలు తీశాం. అయినా పదకోశాన్ని తెరిచే సాఫ్ట్‌వేరు, ప్రింటర్ పోర్టుకు తగిలించిన హార్డ్‌వేర్ లాక్ ఉంటేనే నడుస్తుంది. సరిచూసిన భాగాలను ఎప్పటికప్పుడు వేరే కంప్యూటర్‌కు పంపడానికి నెట్‌వర్క్ కార్డు అమర్చాం. సందేహాలు తీర్చగల ఆచార్యులు వృద్ధులు కనుక పని త్వరగా సాగాలి. కార్డు పనిచేయడం మొదలవగానే మౌస్ ఆగిపోయింది.

2. ఘర్షణకు మూలం

ఐసా స్లాట్లున్న కంప్యూటర్‌లో కార్డును బట్టి మూడు వనరులు అవసరమవుతాయి. పరికరం ప్రాసెసర్ దృష్టిని కోరే సంకేత మార్గం ఐఆర్‌క్యూ. ప్రాసెసర్ ఆ పరికరాన్ని పలకరించే స్థానం ఐఓ చిరునామా. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీకి సమాచారం చేరే మార్గం డీఎంఏ.

ఐఆర్‌క్యూలు 0 నుంచి 15 వరకు 16 ఉన్నా, ఎక్కువ భాగం ముందే కేటాయించి ఉంటాయి. టైమర్‌కు 0, కీబోర్డుకు 1, రెండవ సీరియల్ పోర్టుకు 3, మొదటి సీరియల్ పోర్టుకు 4, ఫ్లాపీకి 6, ప్రింటర్ పోర్టుకు 7, హార్డ్ డిస్కుకు 14 చెందుతాయి. సౌండ్ కార్డు తరచు 5ను వాడుకుంటుంది. కొత్త కార్డుకు 10, 11 వంటివి మాత్రమే మిగులుతాయి.

ఐసా పద్ధతిలో విద్యుత్ స్థాయి మారే క్షణమే సంకేతం. ఒక కార్డు తీగను పైస్థాయిలో పట్టి ఉంచితే, అదే తీగ మీద రెండవ కార్డు చేసిన విన్నపం కనిపించదు. అందుకే ఒక ఐఆర్‌క్యూను రెండు ఐసా కార్డులు ఏకకాలంలో పంచుకోలేవు. పీసీఐ పద్ధతి స్థాయినే సంకేతంగా గుర్తిస్తుంది కనుక అక్కడ పంపకం సాధ్యం.

3. ఆపరేటింగ్ సిస్టం పాత్ర

డాస్ కాలంలో వనరుల పంపకం వినియోగదారుడి బాధ్యత. కార్డు మీది జంపర్లను మార్చి, అదే విలువను డ్రైవరుకు చెప్పాలి. విండోస్ 95 ప్లగ్ అండ్ ప్లే పద్ధతిలో ఆ పని తానే చేపట్టింది. అయితే జంపర్లున్న పాత కార్డు తన విలువలను తానై చెప్పలేదు. సిస్టం ఆ విలువలను ఖాళీగా భావించి మరొక కార్డుకు ఇవ్వవచ్చు. అప్పుడు డివైస్ మేనేజర్‌లోని కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో ఆ వనరులను రిజర్వు చేయాలి.

ప్రతి వైఫల్యమూ కార్డు వల్ల రాదు. 350 మెగాహెర్ట్జ్, అంతకు మించిన ఏఎమ్‌డీ కే6-2 ప్రాసెసర్ల మీద విండోస్ 95 ఆరంభంలోనే ప్రొటెక్షన్ ఎర్రర్‌తో ఆగిపోవచ్చు. దానికి కారణం సిస్టంలోని కాలగణన లోపం. ఆ సమయంలో కార్డులు మార్చడం వృథా.

4. అనుభవం: ఒకేసారి రెండు మార్పులు

మా నెట్‌వర్క్ కార్డు ఎన్ఇ2000 తరహాది. దానికి ఐఆర్‌క్యూ 3, చిరునామా హెక్సాడెసిమల్ 300 ఉన్నాయి. మౌస్ రెండవ సీరియల్ పోర్టుకు ఉంది. దానిదీ ఐఆర్‌క్యూ 3. కారణం స్పష్టమే. అయితే ఐఆర్‌క్యూను 10కి మార్చడంతో ఆగకుండా, ముందు జాగ్రత్త అనుకుని చిరునామాను కూడా 360కి మార్చాను. మౌస్ కదిలింది, నెట్‌వర్క్ పలికింది. కానీ తెలుగు సాఫ్ట్‌వేరు లాక్ కనబడలేదని తెరవడం మానేసింది.

లాక్ పాడైందనే భయంతో రెండు రోజులు గడిచాయి. నిజానికి ఆ కార్డు తన చిరునామా నుంచి వరుసగా 32 స్థానాలు ఆక్రమిస్తుంది. 360 నుంచి లెక్కిస్తే ప్రింటర్ పోర్టు స్థానమైన 378 ఆ పరిధిలోకే వస్తుంది. ఐఆర్‌క్యూ జాబితా మాత్రమే చూసి, చిరునామాల జాబితా చూడకపోవడం నా పొరపాటు. చిరునామాను తిరిగి 300 చేయగానే మూడూ పనిచేశాయి.

5. పరిష్కార క్రమం

అ) హార్డ్ డిస్కు నకలు తీసి, బయాస్ అమరికలను కాగితం మీద రాసుకోవాలి.
ఆ) విద్యుత్తు పూర్తిగా తీసిన తరువాతే కార్డును తాకాలి.
ఇ) ఆరంభంలో ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లో చూడాలి. అక్కడ సమస్య లేకపోతే డ్రైవరును లేదా వనరుల అమరికను అనుమానించాలి.
ఈ) అవసరంలేని కార్డులన్నీ తీసి, ఒక్కొక్కటిగా తిరిగి అమర్చాలి.
ఉ) ఐఆర్‌క్యూ, చిరునామా, డీఎంఏ మూడింటికీ పట్టిక వేయాలి. చిరునామా ఎక్కడ మొదలవుతుందో కాక, ఎక్కడ ముగుస్తుందో కూడా రాయాలి.
ఊ) ఒకసారికి ఒకే మార్పు చేసి, ఫలితం నమోదు చేయాలి. జంపరు మార్చితే డ్రైవరులోని విలువనూ మార్చాలి. ఆ రెండూ కలిసి ఒకే మార్పు.

6. ముగింపు

పాఠపరిష్కర్త ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో నమోదు చేయకుండా సవరణ చేయడు. పాత యంత్రం విషయంలోనూ అదే నియమం వర్తిస్తుంది. పై సందర్భంలో లోపం తొలగింది మంచి పరికరం వల్ల కాదు, పట్టిక వేయడం వల్ల. పదకోశంలోని ఆరోపాల మీద ఆచార్యులను అడగవలసిన ప్రశ్నలు ఆయనకు సకాలంలో చేరాయి. తెలుగు శాఖలలో మూలనపడి ఉన్న పాత కంప్యూటర్లను తుక్కుకు వేసే ముందు, వాటిలో ఏముందో ఈ క్రమంలో ఒకసారి పరిశీలించడం అవసరం.