కోసేది డాక్టరే, దారి చూపేది బొమ్మ
ప్రోస్టేట్ ఆపరేషన్లలో రోబో

బంజారా హిల్స్ (హైదరాబాదు): రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం, ధార సన్నబడడం వయసుతో వచ్చే ఇబ్బందేనని పల్లెల్లో పెద్దలు సరిపెట్టుకుంటారు. చాలామందికి అది వట్టి వాపే. కొందరికి మాత్రం మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ కావచ్చు. తొలి దశలో అది ఏ బాధా పెట్టకపోవచ్చు కూడా.

క్యాన్సర్ రోగులు జిల్లాల నుంచి చేరే చోట్లలో ఇక్కడి బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఒకటి. 1985లో క్యాన్సర్‌తో మరణించిన భార్య పేర ఎన్.టి. రామారావు తలపెట్టిన ఈ ఆసుపత్రిని 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. నేడు ఇక్కడ రోబో సాయంతో కూడా శస్త్రచికిత్సలు చేస్తున్నారు.

రోబో అంటే యంత్రమే కోస్తుందని భయపడనక్కరలేదు. రోగి కడుపులోకి పంపిన సన్నని కెమెరా చూపే దృశ్యాన్ని డాక్టరు అనేక రెట్లు పెద్దదిగా చూస్తూ చేతులు కదుపుతారు. ఆ కదలికలనే యంత్రం అనుసరిస్తుంది.

అయితే కెమెరా పైపొరనే చూపుతుంది. జబ్బు లోపల ఎంతవరకు పాకిందో చెప్పేది ముందుగా తీసిన ఎం.ఆర్.ఐ. స్కానింగ్. గ్రంథికి రెండు పక్కలా దాంపత్య జీవితానికి అవసరమైన సన్నని నరాలున్నాయి. జబ్బు ఒక పక్కకే ఉంటే రెండో పక్క నరాలను కాపాడవచ్చు. నరాల మీదికి పాకినచోట వదిలేస్తే జబ్బు మిగిలిపోతుంది. ఈ తీర్పుకు ఆ బొమ్మే ముఖ్య ఆధారం. కొన్నిచోట్ల ఆ బొమ్మను ఆపరేషన్ వేళ డాక్టరు చూసే తెర మీదే చేరుస్తున్నారు. కానీ కోస్తున్నకొద్దీ గ్రంథి కదులుతుంది. సర్వే పటంలో గట్టు ఒకచోట, నేల మీద మరోచోట ఉన్నట్లే. సరిచూసుకోవలసింది డాక్టరు కన్నే.

పొలం అమ్ముకోవాలా?

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మూడు వందల మందికి పైగా రోగుల మీద రోబో ఆపరేషన్‌ను, మామూలు ఆపరేషన్‌ను పోల్చి చూశారు. 2016, 2018లలో వెల్లడైన ఫలితాల ప్రకారం రోబోతో రక్తం తక్కువ పోయింది. మూత్రం ఆపుకోవడంలో, దాంపత్య జీవితంలో మాత్రం రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. కనుక రోబో కోసమని ఎకరం అమ్ముకోనక్కరలేదు. ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

డాక్టరును అడగవలసినవి వేరు: జబ్బు ఏ పక్క ఉంది? నరాలు దక్కుతాయా? ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? అసలు కోయడం అవసరమా, రేడియేషన్‌తో సరిపోతుందా? పాత స్కానింగ్ ఫిల్ములు పారేయక వెంట తీసుకెళ్లాలి.

యాభై దాటినవారు పి.ఎస్.ఎ. రక్తపరీక్ష గురించి డాక్టరుతో మాట్లాడడం మంచిది. సిగ్గుపడి దాచుకుంటే జబ్బు ఎముకలకు పాకే ప్రమాదం ఉంది. అప్పుడు రోబో ఉన్నా ప్రయోజనం ఉండదు.