గాయాలతో లేచిన దేహం

తెలుగునాట క్రైస్తవ పండుగ అనగానే అందరికీ గుర్తొచ్చేది క్రిస్మస్. నక్షత్రాలు, కేకులు, ప్రభుత్వ విందులు అన్నీ దాని చుట్టూనే. ఈస్టర్‌కు అంత సందడి లేదు. తేదీ కూడా ఏటా మారుతుంది. వసంత విషువత్తు తర్వాతి పున్నమి దాటాక వచ్చే ఆదివారం అది. అయినా విశ్వాసం దృష్టితో చూస్తే క్రైస్తవానికి మూలకందం ఈస్టరే. నాలుగు సువార్తల్లో రెండింటిలో యేసు పుట్టుక కథే లేదు. ఖాళీ సమాధి లేని సువార్త మాత్రం ఒక్కటీ లేదు. క్రీస్తు లేవకపోయి ఉంటే తన బోధంతా వ్యర్థమేనని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు. ఇంత కేంద్రమైన నమ్మకం కులం కింద నలిగిన మనుషులకు ఏం చెప్పింది, ఏం చెప్పకుండా దాటవేసింది అన్నది చర్చి గోడల లోపల తేలిపోయే ప్రశ్న కాదు. ఎందుకంటే తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు.

ముందు శిలువ సంగతి చూడాలి. రోమన్లు ఆ శిక్షను అందరికీ వేయలేదు. అది ప్రధానంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు కేటాయించిన చావు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచివేశాక 6,000 మందిని కాపువా నుంచి రోముకు వెళ్లే అప్పియన్ రహదారి పొడవునా శిలువ వేశారు. ప్రాణం తీయడం ఒక్కటే అక్కడ ఉద్దేశం కాదు. నలుగురి ఎదుట దేహాన్ని వివస్త్రం చేసి, అవమానించి, చివరికి ఖననపు గౌరవం కూడా దక్కకుండా చేయడం ఆ శిక్షలోని అసలు పాఠం. యేసును పట్టణపు గుమ్మం వెలుపల చంపారని హెబ్రీయులకు రాసిన పత్రిక పనిగట్టుకుని చెబుతుంది. ‘ఊరి వెలుపల’ అన్న మాట తెలుగు పాఠకుడికి వివరించనక్కరలేదు. ఆయనను ఉంచిన సమాధి సైతం ఆయనది కాదు, అరిమతయియ యోసేపు అనే ధనవంతుడిది.

శుక్రవారం నాడు రాజ్యమూ పురోహితవర్గమూ కలిసి ఇచ్చిన తీర్పును ఆదివారం నాడు దేవుడు కొట్టివేశాడన్నది పునరుత్థాన విశ్వాసపు సారం. ఇది ఆత్మ అమరత్వాన్ని గురించిన తత్త్వం కాదు. ఆత్మకు చావు లేదన్న మాట ఈ దేశంలో ఎప్పటినుంచో ఉంది. దేహం చినిగిన బట్టతో సమానమన్న పోలికా ఉంది. అంటరానితనం మాత్రం ఆత్మకు కాదు, దేహానికే తగిలించారు: చేతికి, నీడకు, ఉమ్మికి. ఆత్మలన్నీ ఒకటేనని ఒప్పుకుంటూనే చెరువులో కడవ ముంచనివ్వకపోవడానికి ఆ తత్త్వం ఏనాడూ అడ్డు రాలేదు. దేహమే లేచిందని, లేచిన దేహమే దేవుడి సన్నిధికి అర్హమైందని చెప్పే మాటకు ఇక్కడ వేరే బరువు ఉండటం అందువల్లనే. విచిత్రమేమిటంటే, మన ప్రసంగ వేదికల మీద ఈ మాట క్రమంగా పరలోకపు టికెట్టుగా కుదించుకుపోయింది. దేహం పోయి మళ్లీ ఆత్మే మిగిలింది.

తొలి తరం అలా అర్థం చేసుకోలేదు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరే నాటికి ఆయన దృష్టి పై కులాల చదువరుల మీద కూడా ఉంది. కానీ ఆయన దగ్గరికి నడిచి వచ్చింది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. క్రైస్తవుడు కాకముందు రాజయోగ సాధన చేసినవాడు. జ్ఞానం కోసం ఎవరో వచ్చేదాకా ఎదురుచూడలేదు, తానే వెతుక్కున్నాడు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు చెప్పినప్పుడు క్లౌ మాదిగలతోనే ఉండటానికి నిర్ణయించుకున్నాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని పని కల్పించాడు. తిండి కోసమే మతం మారారన్న నింద రాకుండా కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అది ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో మునగడం క్రీస్తుతో పాటు పూడ్చబడటమని, పైకి లేవడం ఆయనతో పాటు లేవడమని బాప్టిస్టు బోధ. ఆ లెక్కన ఆనాడు గుండ్లకమ్మలో జరిగింది 2,222 పునరుత్థానాలు.

కొత్తగా చేరినవారికి ఆ మిషన్ పెట్టిన షరతులు ప్రధానంగా మూడు: చచ్చిన పశువుల మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు, ఆదివారం పని చేయవద్దు. మూడోది పైకి చూడటానికి నిరపాయకరంగా కనిపిస్తుంది. అసలు తంటా అక్కడే వచ్చింది. ఆదివారం క్రైస్తవులకు పవిత్రం కావడానికి కారణం ఒక్కటే. అది క్రీస్తు లేచిన దినం. ప్రతి ఆదివారమూ ఒక చిన్న ఈస్టరే. ఊరికి వెట్టి చేసే మాదిగ, మోటకు తోలు బాన కుట్టే మాదిగ, కబురు మోసే మాదిగ, ‘రేపు నేను రాను, మా ప్రభువు లేచిన రోజు’ అనడమంటే ఏమిటో గ్రామ పెద్దలకు వెంటనే అర్థమైంది. దొర ఎప్పుడు పిలిస్తే అప్పుడు కదలవలసిన దేహం వారానికి ఒక రోజు తనదని ప్రకటించుకుంది. కొట్టారు, తప్పుడు కేసులు బనాయించారు, బావుల దగ్గర అడ్డుకున్నారు. వేతనం, సెలవు అన్న మాటలే తెలియని చోట వారపు సెలవు కోసం జరిగిన పోరాటమది. తెలుగు నేల మీది శ్రామిక చరిత్ర రాసేవారు దాన్ని మత చరిత్ర అని పక్కన పెట్టేయడం సరికాదు.

ఈ షరతులకు చెల్లించిన మూల్యమూ ఉంది. విగ్రహారాధన పేరు చెప్పి డప్పును కూడా మాన్పించారు. ఒక జాతి చేతిలోని వాద్యాన్ని పాపపు పనిముట్టుగా చూడటం నేర్పారు. అదే ప్రకాశం జిల్లాలోని ఈదుమూడిలో 1994 జులై 7న మొదలైన దండోరా ఉద్యమం ఆ డప్పును తిరిగి భుజాన వేసుకునేదాకా చాలా చర్చి మెట్లకు దాని మోత తెలియదు.

సువార్తల్లోని ఈస్టర్ కథలు మరొక విషయాన్ని పదేపదే చెబుతాయి. లేచినవాణ్ణి శిష్యులు గుర్తుపట్టింది తిండి దగ్గర. ఎమ్మాయుకు పోయే దారిలో మైళ్ల కొద్దీ వెంట నడిచినా గుర్తుపట్టనివారు, రొట్టె విరిచి చేతికి అందించినప్పుడు పోల్చుకున్నారు. సరస్సు ఒడ్డున ఆయన నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టాడు. సహపంక్తి లేనిచోట పునరుత్థానం కనిపించదని దీనికి అర్థం. ఆ సాక్షుల్లో ఒకడైన పేతురే తర్వాత అంతియొకయలో యూదేతరులతో కలిసి తింటూ తింటూ, తనవారు రాగానే లేచిపోయాడు. పౌలు అతన్ని అందరి ఎదుటా నిలదీశాడు. భారతీయ చర్చి పేతురు చేసిన పనినే ఎక్కువ కాలం చేసింది. వేరు వరుసలు, వేరు పాత్రలు, వేరు శ్మశానాలు. తిరుచిరాపల్లిలో దళిత కాథలిక్కుల సమాధులకూ మిగతావారి సమాధులకూ మధ్య గోడే కట్టారు. మన దగ్గర ఇటుకల గోడ అరుదు. వియ్యం దగ్గర మాత్రం రెడ్డి కాథలిక్కు, కమ్మ కాథలిక్కు, మాల కాథలిక్కు ఎవరి గీతలో వారుంటారు. 2016లో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని ప్రకటిస్తూ సంఘంలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. 1.9 కోట్ల కాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులేనని కూడా ఆ పత్రమే చెప్పింది. అంతమందిలోంచి ఒక దళితుడు, హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ, కార్డినల్ అయ్యేసరికి 2022 వచ్చింది.

సాక్షుల సంగతికి వద్దాం. ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలు. స్త్రీ సాక్ష్యానికి విలువ ఇవ్వని కాలమది. మగ్దలేనే మరియ, ఆమె తోటివారు చెప్పిన మాట అపొస్తలులకు వెర్రిమాటగా తోచిందని లూకా దాచకుండా రాశాడు. ఇక్కడ కారంచేడును తలవకుండా ఉండలేం. 1985 జులైలో మంచినీటి చెరువును మలినం చేయవద్దన్నందుకు మొదలైన గొడవలో పై కులపు యువకుల కొరడాకు బిందె అడ్డం పెట్టిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జులై 17న, దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. ప్రధాన సాక్షి దుడ్డు అలీసమ్మ. కొడుకును పోగొట్టుకున్న తల్లి. తర్వాత ఆమెనూ చంపేశారు. సాక్ష్యం చెప్పిన స్త్రీని నమ్మకపోవడం యెరూషలేము పద్ధతి అయితే, బతకనివ్వకపోవడం మన పద్ధతి. ఆ పేర్లు వినండి: సువార్త, అలీసమ్మ. బైబిలు ఆ ఇళ్లలోకి వచ్చి తరాలైంది. కొడవళ్లు పట్టుకొచ్చినవారికి ఆ పేర్లు కొత్త మతాన్ని గుర్తుచేయలేదు. పాత కులాన్నే గుర్తుచేశాయి.

జాషువా జీవితమూ ఇదే చెబుతుంది. వినుకొండలో 1895లో పుట్టిన ఆ కవి పుట్టుకతో క్రైస్తవుడు. క్రీస్తు చరిత్ర రాసి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. అయినా పండిత సభల్లో ఆయన వెంట నడిచింది బాప్తిస్మం కాదు, కులం. ‘గబ్బిలం’లో గుడిలోకి పోలేని అరుంధతీసుతుడి ఆక్రోశం ఆయనకు పరాయిది కాదు.

ఇప్పుడు తోమా దగ్గర ఆగాలి. ఈస్టర్ కథల్లో అన్నిటికన్నా లోతైనది నా దృష్టిలో ఇదే. మేకుల గుర్తులు చూసి, పక్కలోని గాయంలో చేయి పెడితే తప్ప నమ్మనన్నాడు తోమా. యేసు అతన్ని కసరలేదు, వచ్చి తాకమన్నాడు. చావును గెలిచిన దేహానికి గాయాలు మాయం చేసుకోవడం అసాధ్యమా? అయినా అవి ఉన్నాయి. లేచినవాడి గుర్తింపే ఆ గాయాలు. (ఈ తోమా పేరు చెప్పుకునే కేరళ సిరియన్ క్రైస్తవులు తామూ శతాబ్దాలపాటు అంటరానితనం పాటించారన్నది చరిత్ర చేసిన ఎకసెక్కం.)

మన రాజ్యాంగ వ్యవస్థ మాత్రం బాప్తిస్మం గాయాలను కడిగేస్తుందని నమ్ముతోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందూ మతం కాక మరే మతాన్ని అవలంబించినా షెడ్యూల్డు కులంగా గుర్తించరాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. ఆ రెండు మతాలూ సిద్ధాంతరీత్యా కులాన్ని ఒప్పుకోవు. అయినా మతం మారితే కులం బాధ పోదన్న వాస్తవాన్ని వారి విషయంలో చట్టం గ్రహించింది, అది న్యాయమే. క్రైస్తవులకూ ముస్లింలకూ మాత్రం ఆ వాస్తవం వర్తించదట. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక దళిత క్రైస్తవుడు వేసిన సూసై కేసులో, 1985లో, కొత్త మతంలోనూ కులబాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపమంది సుప్రీంకోర్టు. తోమా అడిగిందీ గాయం చూపమనే. తేడా ఏమిటంటే అతను చూశాక ఒప్పుకున్నాడు. రంగనాథ్ మిశ్రా కమిషన్ చూసింది, మతంతో ముడి తీసేయాలని 2007లో నివేదించింది. ఆ నివేదికను పక్కన పెట్టి, 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ ఆధ్వర్యంలో మరో కమిషన్‌ను నియమించారు. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది. క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉండదని 2025లో ఆ రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో ఫిర్యాదుదారు ఒక పాస్టర్. కులం పేరుతో దూషించారన్నది ఆయన ఆరోపణ.

క్రైస్తవం కులం లేదంటుంది కదా, మరి కుల రాయితీలెందుకు అని అడిగేవారున్నారు. మిషన్ బడులు, ఆసుపత్రుల లబ్ధి ఇప్పటికే ఉందనీ, మిగతా దళితుల వాటా తగ్గుతుందనీ అనేవారూ ఉన్నారు. వాటా భయం నిజమైనదే. జనాభా పెరిగితే కోటా పెంచడమే దానికి మార్గం. మొదటి వాదన మాత్రం నిలవదు. కులం ఉందా లేదా అన్నది గ్రంథం తేల్చేది కాదు, బావి దగ్గర తేలేది. ప్రస్తుతానికి ఈ జనం బీసీ-సీ అనే ఒక శాతపు గదిలో ఉన్నారు. ఆ గదిలోకి పోలేక ఎందరో తహశీల్దారు కార్యాలయంలో ఒక పేరు, సంఘపు రిజిస్టరులో మరో పేరు పెట్టుకుని బతుకుతున్నారు. పేతురు మూడుసార్లు ‘ఆయనెవరో నేనెరుగను’ అన్నది చలిమంట దగ్గర భయంతో. వీరు ధ్రువపత్రం కోసం అదే మాట అనవలసి వస్తోంది.

ఈస్టర్ తెల్లవారుజామున తెలుగు పల్లెల్లో జనం శ్మశానాలకు పోతారు. సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. బతికుండగా దాచిన పేరును అక్కడ శిలువ పక్కన పూర్తిగా చెక్కిస్తారు. ఆ శ్మశానాలు ఎక్కడుంటాయో కూడా గమనించాలి: వాగు గట్టున, పోరంబోకులో, వాన వస్తే కోతకు గురయ్యే చోట. కొన్ని దళితవాడలకు ఆ కాస్త నేలా లేదు.

చుండూరు దళితులు ఈ భౌగోళికాన్ని ఒకసారి తిరగేశారు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మందిని వేటాడి చంపి, దేహాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో, కాలువల్లో పడేశారు. వెలికితీసిన ఆ దేహాలను పల్లె చివర పూడ్చడానికి వారు ఒప్పుకోలేదు. ఊరి నడిబొడ్డున సమాధి చేసి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. 2007 జులై 31న అదే ఊళ్లో కూర్చున్న ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. సమాధులు ఊరి మధ్యనే ఉన్నాయి.