వేగముగా పోవు కారు ఏల వణకును?

నరసరావుపేట నుండి చిలకలూరిపేట చేరి 16వ నెంబరు జాతీయ రహదారి నెక్కిన కారు, గంటకు 60 కిలోమీటర్ల వేగము వరకు నిమ్మళముగా సాగి, 90 దాటగానే వణకుట పలువురెరిగినదే. వేగము తగ్గింపగానే వణకు మాయమగును. ఒకరు టైర్లు మార్చుమందురు; ఒకరు ఇంజనును తప్పుపట్టుదురు; ఒకరు రోడ్డు మంచిది కాదందురు. అందరి మాటలు విని డబ్బు వెచ్చించినను వణకు పోదు. ఏలయన, రోగమును గుర్తింపకయే మందు వేయుట జరిగినది. నిజమునకు ప్రతి వణకును తన పుట్టుచోటును తానే తెలుపును. దాని నెట్లు తెలిసికొనవలెనో ఇచట వివరించెదను.

ఇంజను ముందుండి వెనుక చక్రములను త్రిప్పు కార్లను తీసికొందము. 1957 మొదలు 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడరు అట్టిది. నేడు మిక్కిలి వేగమునకై నిర్మింపబడు కార్లలో అనేకములు ఈ విధమైనవే. వీనిలో ఇంజను శక్తి గేరుపెట్టెకు వచ్చి, అచటినుండి కారు అడుగున నున్న పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక ఇరుసును చేరును. ఇరుసులోని పండ్లచక్రములు ఆ భ్రమణమును చక్రములకందించును. ఇంజను, షాఫ్టు, చక్రములు అన్నియు తిరుగుచునే యుండును గాని, అన్నియు ఒకే వేగమున తిరుగవు. మన శోధనకు తాళపుచెవి ఇదియే.

విద్యార్థులు ఈ చిన్న లెక్కను తామే చేసి చూడవచ్చును. గంటకు 100 కిలోమీటర్లనగా సెకనుకు సుమారు 28 మీటర్లు. చక్రము చుట్టుకొలత 2 మీటర్లైనచో, అది సెకనుకు 14 సార్లు తిరుగును. షాఫ్టు మూడున్నర చుట్లు తిరిగినపుడు చక్రము ఒక చుట్టు తిరుగునట్టి కారైనచో, షాఫ్టు సెకనుకు 49 సార్లు తిరుగును. కావున సెకనుకు 14 సార్లు వచ్చు వణకు చక్రమునకు సంబంధించినది. 49 సార్లు వచ్చునది షాఫ్టుకు సంబంధించినది. మొదటిది ఊపుడువలె శరీరమునకు స్పష్టముగా తెలియును. రెండవది పాదములకు తిమ్మిరివలె సోకును. నేటి చేతిఫోనులలో కంపముల సంఖ్యను కొలుచు సాధనములు కలవు. అయితే దానిని చూచువాడు ప్రక్కన కూర్చున్నవాడే కావలెను గాని, కారు నడుపువాడు కారాదు.

ఈ వణకు అధిక వేగముననే ఏల కనబడును? తిరుగు వస్తువునకు ఒక ప్రక్క కొంచెము బరువు హెచ్చినచో, ఆ బరువు దానిని వెలుపలికి లాగును. ఈ లాగుడు వేగముతోపాటు గాక, వేగము యొక్క వర్గముతో పెరుగును. వేగము రెట్టింపైన లాగుడు నాలుగురెట్లగును. చక్రపు కేంద్రమునకు 20 సెంటీమీటర్ల దూరమున 30 గ్రాముల అధిక భారమున్నదనుకొనుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున అది కిలోకు కొంచెము మించిన బరువుతో లాగును. 100 కిలోమీటర్ల వేగమున నాలుగున్నర కిలోలకు మించిన బరువుతో, సెకనుకు 14 సార్లు దిక్కు మార్చుచు లాగును. మన పల్నాటి నల్లరేగడి బురద చక్రపు లోపలి అంచున ఒక ప్రక్క అంటుకొని ఎండిన చాలును, ఇంత పని జరుగును. అట్టి సందర్భమున కావలసినది క్రొత్త టైరు కాదు, బిందెడు నీళ్లు.

షాఫ్టునందు మరియొక విశేషము కలదు. గతుకులపై వెనుక ఇరుసు లేచి పడుచుండును. కావున షాఫ్టు వంగుటకు వీలుగా దాని కొనలయందు మెకానిక్కులు 'క్రాసు' అని పిలుచు కీళ్లుండును. ఇట్టి కీలును గూర్చి 17వ శతాబ్దమున వివరించినవాడు, స్ప్రింగుల సూత్రమున మీరు చదువు రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. ఈ కీలు వంగి తిరుగునపుడు రెండవవైపు సమవేగమున తిరుగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు త్వరపడి, రెండుసార్లు మందగించును. వంపు 10 డిగ్రీలైనచో ఈ హెచ్చుతగ్గు ఇరువైపుల నూటికి ఒకటిన్నర వంతు. మొదటి కీలు చేసిన తప్పును రెండవ కీలు దిద్దవలెనన్నచో, రెండింటి వంపులు సమానముగను, వాని కవలకొమ్ములు ఒకే వరుసలోను ఉండవలెను. లేనిచో షాఫ్టు చుట్టునకు రెండేసి చొప్పున, పై లెక్క ప్రకారము సెకనుకు 98 కంపములు పుట్టును. షాఫ్టును విప్పుటకు ముందు సున్నముతోనైనను గుర్తు పెట్టవలెనని నేర్పరియైన మెకానిక్కు చెప్పుట ఇందులకే.

ఇక పరీక్షాక్రమము. మొదట కారు నిలిపి బురద కడిగి, గాలి కొలిచి, టైర్లపై ఉబ్బులు కలవేమో చూచి, చక్రపు నట్లు బిగువుగా నున్నవో లేవో చూడవలెను. పిమ్మట వాహనములు లేని తిన్నని మార్గమున, చట్టము అనుమతించిన వేగమునకు లోబడి, వణకు ఏ వేగమున పుట్టునో వ్రాసికొనవలెను. స్టీరింగు చక్రము వణకిన ముందు చక్రములను, ఆసనమును నేలయు వణకిన వెనుక చక్రములను లేక షాఫ్టును అనుమానింపవలెను. బ్రేకు నొక్కినపుడే వణకు వచ్చినచో బ్రేకు పళ్లెములను చూడవలెను. అదే వేగమున గేరు మార్చి చూచినపుడు ఇంజను వేగము మారును గాని, షాఫ్టు వేగము మారదు. అప్పుడును వణకు మారకున్నచో ఇంజను నిర్దోషి. యాక్సిలరేటరు నొక్కినపుడే వచ్చి, వదలగానే పోవునది తరచుగా కీళ్ల అరుగుదలను, వంపుల దోషమును, ఇంజనును మోయు రబ్బరుల చెడుగును తెలుపును. నొక్కినను వదలినను మారనిది బరువుల అసమానతను తెలుపును. పరీక్షార్థము ఇంజనును రోడ్డుపై ఆపివేయుట మాత్రము ప్రాణాపాయకరము. బ్రేకులకును స్టీరింగునకును లభించు సహాయము తగ్గిపోవును.

చక్రములు నిర్దోషులైనచో, కారును స్థిరమైన ఆధారములపై నిలిపి, ఇంజను ఆపి, షాఫ్టును చేతితో కదపి చూడవలెను. క్రాసులో వదులు, దానిచుట్టు ఎర్రని తుప్పు పొడి, మధ్య బేరింగును పట్టియుంచు రబ్బరు చినుగుట, గొట్టమున సొట్ట, అతికిన తూకపుబిళ్ల ఊడిన గుర్తు, ఇవి సాక్ష్యములు. కారును అందమునకై క్రిందికి దింపించిన యువకులు తెలిసికొనవలసినది మరియొకటి కలదు: ఇరుసునకును గేరుపెట్టెకును గల సంబంధము మారినపుడు కీళ్ల వంపులును మారును. అంతవరకు లేని వణకు ఆనాటినుండియే మొదలగును.

వణకును అలవాటు చేసికొని తిరుగుట తగదు. అరిగిన క్రాసు వేగమున విరిగినచో షాఫ్టు ముందుకొన నేలకు తగిలి, కారును బోల్తా కొట్టింపగలదు. ఆ కారులో తల్లిదండ్రులుందురు, పిల్లలుందురు. మన విద్యార్థులలో కొందరు రేపు మెకానిక్కులగుదురు. అనేకులు వాహనముల నడుపుదురు. వారు పాఠశాలలో నేర్చిన చుట్టుకొలత, వర్గము, భాగహారము పరీక్ష పత్రముతో ముగియవు. సాక్ష్యము చూడకయే దేనినైనను దోషియనుట న్యాయము కాదు. అది మనుష్యుల యెడలనెంత నిజమో, యంత్రముల యెడలను అంతే నిజము. ముందు లెక్కింపుడు, పిమ్మట పరీక్షింపుడు, ఆ తరువాతనే స్పానరు పట్టుడు.