పసిబిడ్డను ఎవరికి అప్పగించాలి?

ఉదయం వేళ తెనాలి జంక్షన్‌లో విజయవాడ, గుంటూరు బండ్ల కోసం నిలబడేవారిలో ఉద్యోగినులు ఎందరో ఉంటారు. వారిలో చంటిబిడ్డల తల్లులు బండి ఎక్కకముందే బిడ్డను సాయంత్రం దాకా ఎవరికో ఒకరికి అప్పగించి రావాలి. ఉమ్మడి కుటుంబాలలో అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో ఆ భారం మోసేవారు. కుటుంబాలు చిన్నవైన తరువాత అది జీతానికి కుదిరిన ఆయా మీదనో, శిశు సంరక్షణ కేంద్రం మీదనో పడింది.

కూలికి వెళ్లే తల్లుల సమస్య ఇంతకంటె పాతది. వరినాట్ల కాలంలో చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, ఏడెనిమిదేండ్ల అక్కను కాపలా ఉంచటం డెల్టా గ్రామాలకు కొత్త కాదు. ఆ అక్క బడి మానటం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. బొంబాయి నూలు మిల్లులలో పనిచేసిన తల్లులు ఒకప్పుడు పసివారికి నల్లమందు పెట్టి నిద్రపుచ్చి పనికి వెళ్లేవారు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీలను తెచ్చింది. అయితే అక్కడి పూర్వ ప్రాథమిక విద్య మూడేండ్లు నిండిన వారికే. పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వారిని చూడటానికి ఒక స్త్రీని నియమించి, ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం నిర్దేశించింది. బిడ్డను చూడటం కూడా పనేనని చట్టం అంగీకరించటం చిన్న విషయం కాదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు.

ఇంటికి ఆయాను కుదుర్చుకునేవారికి ఈ చట్టాలు తోడు రావు. తెలిసినవారు చెప్పారన్న మాట ఆరంభానికే పనికివస్తుంది. ఆమె చిరునామాను, గుర్తింపు పత్రాన్ని చూడటం, ఇంతకుముందు పనిచేసిన ఇంటివారిని స్వయంగా అడగటం అవసరం. ఆపైన తల్లి ఇంట్లో ఉండగానే ఆమెను కొన్ని రోజులు రమ్మనాలి. అన్నం తినిపించేటప్పుడు బిడ్డను తొందరపెడుతున్నదా, మారాం చేస్తే ఏమి చేస్తున్నది, స్నానాల గదిలో నిండు బకెట్టును వదిలి వస్తున్నదా అన్నవి అప్పుడే తెలుస్తాయి. నడక నేర్చిన పసివానికి బకెట్టులోని కొద్ది నీరు కూడా ప్రాణాంతకమే. కాలువలు పారే తెనాలి వంటి ఊరిలో వీధి తలుపు గడియ సంగతి కూడా అడిగి తీరాలి. సంరక్షణ కేంద్రమైతే ఎందరు పిల్లలకు ఒకరున్నారో లెక్కపెట్టాలి. చెప్పకుండా వచ్చిన తల్లిని లోపలికి రానీయని చోట బిడ్డను ఉంచరాదు.

మాటలు రాని బిడ్డ ఫిర్యాదు చేయలేడు. తల్లి వెళ్లేటప్పుడు మొదట కొన్నాళ్లు ఏడవటం సహజమే. కాని వారాలు గడిచినా ఆయాను చూడగానే బెదరటం, వేళకాని వేళ మత్తుగా నిద్రపోవటం, ఒంటిమీద కారణం తెలియని కమిలిన గుర్తులు కనబడటం ఉపేక్షించదగినవి కావు. హింస జరిగిందన్న అనుమానం కలిగితే 1098కు ఫోను చేయవచ్చు.

ఆయా పరిస్థితిని గూడ తెలుసుకోవాలి. తన బిడ్డను ఇంట్లో ఒంటరిగా వదిలి వచ్చిన స్త్రీ మనసు ఇక్కడ నిలవదు. జీతం వేళకు అందకపోతే ఆమె మరొక ఇల్లు వెదుక్కుంటుంది, బిడ్డకు మళ్లీ కొత్త ముఖం అలవాటు కావాలి. ఆమె సెలవు పెట్టే రోజున బిడ్డను ఎవరు చూడాలో కూడా ముందే అనుకోవాలి. లేకుంటే జ్వరంతోనైనా ఆమె రాక తప్పదు, ఆ జ్వరం బిడ్డకు సోకవచ్చు.